మావయ్య కారూ, నా రసమట్టమూ

ఆ రోజుల్లో, అంటే అరవయ్యవ దశకం తొలి సంవత్సరాల్లో, గుంటూరుకు పడమరగా పరుచుకున్న మా పత్తి, మిరప నేలల్లో మోటారు కారు మనుషులకు కాక ఊళ్లకు ఉండే వస్తువు. ఫలానా ఊరికి కారుంది అనేవారే తప్ప ఫలానా వారికి కారుంది అనేవారు కాదు. ఉన్న ఆ కాసిని కార్లూ తమ తమ స్వభావాలను అనుసరించి నడిచేవి. ఒకటి ఎడమకు లాగేది, ఒకటి మలుపు దగ్గర మూలిగేది, మరొకటి పీతలా ఓరగా పోయేది. యజమానులు వాటిని సరిచేయించాలని అనుకునేవారు కాదు. ఇంట్లో ముసలివారి అలవాట్లకు సర్దుకున్నట్లు సర్దుకుని బతికేవారు. చక్రాల వరుసను కొలిచి సరిచేయడం ఒక శాస్త్రమని మా తాలూకాలో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణేనని అప్పట్లో నా దృఢ విశ్వాసం. (ఆ విశ్వాసానికి ఆధారం ఇంజనీరింగు కళాశాలలో ఒక మధ్యాహ్నం విన్న ఉపన్యాసం.) ప్రతి వస్తువుకూ ఒక సరైన స్థానం ఉంటుందనీ, అది అక్కడ లేకపోతే అందుకు ఎవరో ఒకరు బాధ్యత వహించాలనీ నమ్మే స్వభావం నాది. “వీడు కంచంలో మెతుకులు కూడా వరసలో పెట్టుకుని తింటాడమ్మా” అని మా అత్తయ్య వచ్చినవారందరికీ చెప్పేది. ఆవిడ దానిని ప్రశంసగా చెప్పడం లేదని గ్రహించడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

అత్తయ్య అంటే మా మేనమామ భార్య. మావయ్య వినుకొండ దారిలో ఉన్న ఒక పట్నంలో ప్లీడరు. ఆయనకు వాదనలో ఎంత పేరుండేదో నడకలో అంత దర్పముండేది. ఒక వానాకాలం జట్కా గోతిలో పడి ఒరిగిపోవడంతో ఆయన ఎడమ మోకాలు దెబ్బతిన్నది. కట్టు విప్పేసరికి కాలు నిలువునా బిగుసుకుపోయి ఇక వంగలేదు. నాలుగడుగులు వేయడానికి చేతికర్ర చాలు గాని, ఊరికి ఆ చివరనున్న కోర్టుకు చేతికర్రతో పోయే వీలు లేదు. జట్కా ఎక్కాలంటే మోకాలు వంగాలి. రిక్షా ఎక్కాలన్నా వంగాలి. ఒకనాడు ఇద్దరు మనుషులు ఆయనను చెరొక పక్కా పట్టుకుని, మిరపకాయల బస్తాను బండికెత్తినట్లు ఎత్తి రిక్షాలో వేశారు. ఆ సమయానికి ప్రతిపక్షం ప్లీడరుగారు ఎదుటి కిళ్లీకొట్టు దగ్గర నిలబడి ఉన్నారు. మావయ్య ఆ రిక్షాను అక్కడికక్కడే వెనక్కి తిప్పించి ఇంటికి వచ్చేశారు. తరువాత కోర్టు ముఖం చూడలేదు. కక్షిదారులు మొదట ఇంటికి వచ్చేవారు, పిమ్మట కబురు పెట్టేవారు, ఆ పిమ్మట చాలామంది అదీ మానేశారు. వేసవి సెలవులు ముగిసి కోర్టు తెరిచేనాటికి ఎవరి చెయ్యీ పట్టుకోకుండా కోర్టు గుమ్మం ముందు దిగలేకపోతే వీధి అరుగు మీది పేరు బోర్డు తీసేస్తానని ఆయన అత్తయ్యతో చెప్పారు. ఆయన అన్నది చేసే మనిషి. ఆ రోజు అత్తయ్య చారులో ఉప్పు వేయడం మరిచిపోయింది. మావయ్య ఆ మాట ఎత్తకుండా తిని లేచారు. ఆ ఇంట్లో అంతకుముందు అటువంటిది జరగలేదు.

ఈ స్థితిలో కారు వచ్చింది. వచ్చిందంటే నడిచి రాలేదు. చెక్క పెట్టెల్లో, ముక్కలుగా, రెండెడ్ల బండి మీద వచ్చింది. గుంటూరులో పొగాకు వ్యాపారంలో ఉన్న ఒక తెల్లదొర తీరిక వేళల్లో సొంతంగా బిగించుకోవడానికని తన దేశం నుంచి ఒక చిన్న కారును విడిభాగాలుగా తెప్పించుకుని, పెట్టెలు విప్పకుండానే స్వదేశానికి వెళ్లిపోయాడట. ఆ పెట్టెల మీద అంటించిన బొమ్మను చూసి మావయ్య వాటిని కొన్నారు. రెండే సీట్లు, పొడుగాటి మూతి, నేలకు జానెడెత్తున కూర్చునే ఏర్పాటు. అందులో కూర్చోవడమంటే చాప మీద కాళ్లు బారచాపుకుని కూర్చోవడమే. మోకాలు వంచవలసిన అగత్యం లేదు. పెడళ్లను తొడ బలంతో తొక్కవచ్చు. అంచు మీద చతికిలబడి కాళ్లు లోపలికి తిప్పుకుంటే ఎక్కడం అయిపోయినట్లే. దిగడానికి మాత్రం అద్దపు చట్రం పట్టుకుని చేతుల బలంతో పైకి లేవాలి. అప్పటికి నేను పట్టా పుచ్చుకుని ఉద్యోగపు ఉత్తర్వు కోసం ఎదురుచూస్తున్నాను. కబురు అందిన మర్నాడే వెళ్లాను.

“ఏరా, నీ చదువులో కారు బిగించడం ఉందా?” అన్నారు మావయ్య.

“సూత్రాలు ఉన్నాయి మావయ్యా.”

“సూత్రాలు నేనూ చదువుకున్నాను. బిగించడం ఉందా?”

“ఉంది” అన్నాను. (లేదు.)

బిగించాను. ఆ వివరాలతో పాఠకులను విసిగించను. పెట్టెలో వచ్చిన ప్రతి మరా దాని రంధ్రంలోకి చేరిందనీ, చివరికి ఒక్కటి కూడా మిగలలేదనీ మాత్రం చెప్పగలను. అసలు పని తరువాత మొదలైంది. కారు చట్రానికీ చక్రాలకూ మధ్యనుండే స్ప్రింగులను, కారు ఏ పక్కకూ ఒరగకుండా, నాలుగు మూలలా సరైన ఎత్తుకు బిగించాలి. చక్రాలు పైభాగం లోపలికి గాని బయటికి గాని వాలకుండా నిలబెట్టాలి. ముందు చక్రాల మూతులు ఒకదానివైపు ఒకటి రవ్వంత తిరిగి ఉండేటట్లు చూడాలి. ఇవి కుదిరితే చేతులు వదిలినా కారు సూటిగా పోతుంది. కుదరకపోతే తనకు తోచిన వైపుకు పోతుంది. ఈ పనికి కారును ఇంటి ముందున్న గచ్చు చేసిన వాకిట్లో నిలబెట్టాము. తూర్పు ముఖంగా నిలబెట్టాలని మావయ్య పట్టుబట్టారు. వాహనం తొలిసారి చక్రాల మీద నిలబడేటప్పుడు దక్షిణాన్ని చూడకూడదనేది ఆయన వాదన. శాస్త్రానికి దిక్కులతో పని లేదు గనుక నేను అభ్యంతరం చెప్పలేదు. తాపీవాళ్లు గోడ నిలువు చూసుకునే గుండూ దారమూ, అడ్డం చూసుకునే రసమట్టమూ తెప్పించాను. కారుకు ఇరువైపులా దారం కట్టడానికి ఇంట్లోని పీటలన్నీ తీసుకున్నాను. అత్తయ్య ఆ వారమంతా నేల మీద కూర్చుని కూరలు తరిగింది.

స్ప్రింగులను వట్టి కారు మీద బిగిస్తే ప్రయోజనం లేదు. నడిపే మనిషి బరువు అందులో ఉండాలి. కనుక మావయ్య ఉదయం స్నానం, సంధ్య ముగించుకుని, కాఫీ తాగి, కదలని కారులో కూర్చునేవారు. ఆయనకు అది ఇష్టంగానే ఉండేదని నా అనుమానం. దినపత్రిక అక్కడే చదివేవారు. ఇంకా ఆయనను విడిచిపెట్టని కక్షిదారులు కూడా అక్కడికే వచ్చేవారు. వారిలో ఒక మిరప రైతు, గట్టు తగాదా ఉన్నవాడు, వచ్చీరాగానే కారు అంచు మీద మోచేతులు ఆనించి మాట్లాడడం మొదలుపెట్టాడు. రసమట్టంలోని బుడగ పక్కకు జరిగింది.

“కొంచెం చేతులు తియ్యండి” అన్నాను.

“ఎందుకు బాబూ?”

“కారు ఒరుగుతోంది.”

“నేను ఆనుకుంటేనే ఒరిగేది రేపు రోడ్డు మీద ఏం నిలబడుద్ది?” అని అతడు మావయ్యను అడిగాడు. “పంతులుగారూ, ఇది ఎప్పుడు కదులుద్దండీ?”

“నీ కేసు కదిలేలోపు కదులుతుందిలే” అన్నారు మావయ్య.

“అయితే తొందరేం లేదన్నమాట” అని రైతు చేతులు తీసేశాడు.

మావయ్య భోజనానికి దిగినప్పుడు పని ఆగకూడదని, ఆయన స్థానంలో అంతే బరువుగల మిరపకాయల బస్తాను కూర్చోబెట్టేవాణ్ణి. పెరట్లో ఉన్నవి అవే. (మొదటిసారి చూసి అత్తయ్య, “ఇది ఎదురు చెప్పదు, ఇదే బాగుందిరా” అన్నది.) ఈ విధంగా కొన్నాళ్లకు రసమట్టంలోని బుడగ అడ్డంగా పెట్టినా, నిలువుగా పెట్టినా నడిమధ్యకు వచ్చి నిలిచింది. గుండు దారానికి నాలుగు చక్రాలూ వెంట్రుకవాసి తేడా లేకుండా నిలిచాయి. ఆ సాయంత్రం నేను గచ్చు మీద నిలబడి కారును చాలాసేపు చూశాను. లోకంలో ఒక వస్తువైనా ఉండవలసిన తీరున ఉందన్న తృప్తి కలిగింది.

తరువాత వినుకొండ రోడ్డు మీద మావయ్యకు నడపడం నేర్పాను. అందుకు నాకు తగిన అర్హత లేదు గాని, వేరెవరికీ అంతకన్నా లేదు. నడిమధ్యన తారు వేసిన రోడ్డది; ఎదురుగా వచ్చే పత్తి బండ్లకూ, లారీలకూ దారి ఇచ్చి మేము బుద్ధిగా ఎడమ అంచునే పోయేవాళ్లం. అక్కడ చేతులు వదిలితే కారు గీత గీసినట్లు పోయేది. మావయ్య ముఖంలో పాత కళ వచ్చింది. ఇంటికి వచ్చి, ఎప్పుడో మడతపెట్టిన నల్లకోటును ఎండలో వేయించారు. అత్తయ్య ఆ కోటును దులుపుతూ నన్ను పక్కకు పిలిచి, “ఏరా, నమ్మవచ్చునా?” అని అడిగింది. లెక్కతో తేలిన విషయాన్ని నమ్మకం కింద చెప్పకూడదని నేను ఆవిడకు బోధించాను.

ఇక మిగిలింది బ్రేకు ఇన్‌స్పెక్టరుగారు. బండిని పరీక్షించి రోడ్డుకు తగినదని ఆయన రాసిస్తేనే దానికి నంబరు వస్తుంది. ఆయన మా పట్నానికి మకాం వచ్చేది అరుదు. ఆసారి తప్పితే మళ్లీ వచ్చేది కోర్టు తెరిచిన చాలా రోజులకు. పరీక్ష ఊరి చివరనున్న పత్తి మిల్లు ఆవరణలో జరిగేది. బేళ్లు పేర్చుకోవడానికి చేసిన విశాలమైన సిమెంటు నేల అది. పత్తి కాలం కాదు గనుక ఖాళీగా ఉన్నది. ఒక మూల మాత్రం గింజల కుప్ప ఉన్నది. ఇన్‌స్పెక్టరుగారు మితభాషి. కారు చుట్టూ తిరిగి, వంగి చూసి, మావయ్య పక్క సీటులో కూర్చున్నారు. కూర్చున్న మరుక్షణం తుమ్మారు.

మావయ్య తాళం తిప్పబోయిన చేయి వెనక్కి తీసుకున్నారు. పని మొదలుపెట్టేటప్పుడు ఒంటి తుమ్ము పనికిరాదు. “ఒక్క నిమిషం ఆగుదామండీ. కాసిని మంచినీళ్లు పుచ్చుకోండి” అన్నారు.

“ఫర్వాలేదు ప్లీడరుగారూ, పోనివ్వం...” అంటూనే ఆయన మళ్లీ తుమ్మారు. రెండు తుమ్ములకు దోషం లేదు గనుక మావయ్య మళ్లీ తాళం మీద చెయ్యి వేశారు. ఇన్‌స్పెక్టరుగారు మూడోది తుమ్మారు. ఆ పైన తుమ్ములు శాస్త్రానికి అందలేదు. బస్తా కూర్చున్న సీటు సందుల్లో ఎంత మిరప పొడి చేరిందో నాకు అప్పుడు తెలిసింది. నేను నీళ్లు తెచ్చి ఇచ్చి, సీటు తుడిచి, దూరంగా నిలబడ్డాను.

కారు కదిలింది. “ఇప్పుడు చేతులు వదలండి” అన్నారు ఇన్‌స్పెక్టరుగారు. మావయ్య ధీమాగా వదిలి, న్యాయమూర్తి ముందు నిలబడినట్లు చేతులు కట్టుకున్నారు. కారు కొంత దూరం ఆలోచించి, కుడివైపుకు తిరిగింది. తిరిగి, ఇంకా తిరిగి, ఆ విశాలమైన నేల మీద ఒక చక్కని వలయం గీసుకుంటూ బయలుదేరిన చోటికే వచ్చింది. వలయం మధ్యలో నేను నిలబడి ఉన్నాను.

“కుడికి లాగే బండి ఎదురొచ్చే లారీ కిందికే పోతుందండీ” అన్నారు ఇన్‌స్పెక్టరుగారు దిగి. “నేను రాసివ్వలేను.”

మావయ్య ముఖం రంగు మారింది. కాని గొంతు మారలేదు. “అయ్యా, వాయిదా కోరుతున్నాను” అన్నారు.

“ఎప్పటికి?”

“మీరు భోంచేసి వచ్చేవరకు.”

ఇన్‌స్పెక్టరుగారికి నవ్వు వచ్చినట్లుంది. “సాయంత్రం బస్సుకు పోవాలి. ఈలోగా బండి సూటిగా పోతే చూస్తాను” అన్నారు. కాని భోజనానికి వెంటనే కదలలేదు. కారులోంచే మావయ్య నన్ను విచారణకు పిలవడం చూసి ఆగారు.

“చక్రాలు నిటారుగా ఉన్నాయని దేనితో చూశావు?”

“గుండు దారంతో మావయ్యా.”

“గుండు అబద్ధమాడుతుందా?”

“ఆడదు.”

“కారు మట్టంగా ఉందని?”

“రసమట్టంతో.”

“అదీ ఆడదు. చక్రాల కింద ఏముంది?”

“గచ్చు.”

“గచ్చు మీద రసమట్టం పెట్టావా?”

నేను వంగి చక్రం కేసి చూశాను.

“సాక్షి జవాబు చెప్పాలి.”

“పెట్టలేదు. మట్టంగానే ఉంటుందనుకున్నాను. ఆ ఇల్లు మీరే దగ్గరుండి కట్టించారు. మీరు వేయించిన గచ్చు వాలుగా ఉంటుందని నేనెలా అనుకుంటాను?”

మావయ్య తరువాతి ప్రశ్నకు నోరు తెరిచి, అలాగే ఆగిపోయారు. అడగకూడని ప్రశ్న ఒకటి ఎక్కువ అడిగిన ప్లీడరు ముఖం ఎలా ఉంటుందో నేను చూసినది అప్పుడే. వాకిలి గచ్చు వేసేనాడు మేస్త్రీ పక్కన కుర్చీ వేసుకుని కూర్చుని, నీళ్లు ఈశాన్యానికి పోవాలి, తూర్పూ ఉత్తరమూ పల్లం కావాలి అని వాస్తు చెప్పి పోయించినది ఆయనే. కారును తూర్పు ముఖంగా నిలబెట్టించినదీ ఆయనే. అంటే కారుకు ఎడమవైపు ఉత్తరం, అది పల్లం. పల్లంలో నిలబడిన కారును నేను గుండుతో, రసమట్టంతో శ్రద్ధగా ఆకాశానికి సరిచేశాను. కనుక నిజంగా మట్టమైన నేల మీదికి రాగానే నాలుగు చక్రాలూ కుడికి వాలి, కారు కుడికి పోయింది. వినుకొండ రోడ్డు సంగతీ అంతే. వాన నీరు జారడానికి రోడ్డు ఎడమ అంచు ఎడమకు వాలి ఉంటుంది. అది మా వాకిలి వాలుకు సరిపోయింది.

“అంటే ఈ కారు మన వాకిట్లో నిలబడడానికే తయారైంది” అన్నారు మావయ్య నెమ్మదిగా.

“వాస్తు ప్రకారం కట్టిన కారును చూడటం నాకిదే మొదలండీ” అని ఇన్‌స్పెక్టరుగారు భోజనానికి వెళ్లిపోయారు.

ఆ మధ్యాహ్నం నేను మొదట చేసిన పని, మిల్లు నేల మీద రసమట్టం పెట్టి చూడడం. ఆ తరువాత మావయ్యను మళ్లీ కదలకుండా కూర్చోబెట్టి, ఎండలో, అన్నీ విప్పి, అన్నీ మళ్లీ బిగించాను. గొడుగు వేసుకుని కూర్చున్న ఆయన ఒక్కసారి కూడా నన్ను తొందరపెట్టలేదు. ఒకసారి మాత్రం, “బోర్డు తీస్తే ఆ మేకుల రంధ్రాలు పూడ్పించాలేమో” అన్నారు, ఎవరితోనూ కాకుండా. నా చేతిలో స్పానరు జారింది. తీసి మళ్లీ బిగించాను.

ఇన్‌స్పెక్టరుగారు తిరిగి వచ్చి, ఈసారి సీటును తమ రుమాలుతో తామే తుడుచుకుని కూర్చున్నారు. చేతులు వదలమన్నారు. కారు సూటిగా పోయింది. మావయ్య చేతులు కట్టుకునే ఉన్నారు. కారు ఇంకా సూటిగా పోయింది. గింజల కుప్ప దగ్గరవుతున్నది. ఎంతకీ చేతులు విప్పరే అని నేను చూస్తుండగా, “ప్లీడరుగారూ, బ్రేకు” అన్న కేక వినిపించింది. కారు కుప్పలోకి మూతి దూర్చి ఆగింది. మావయ్య శాంతంగా, “మీరు వదలమన్నారే గాని పట్టుకోమనలేదు కదండీ” అన్నారు. ఇన్‌స్పెక్టరుగారు ఒడిలో పడిన గింజలు దులుపుకుంటూ, బ్రేకు పరీక్ష కూడా అయిపోయిందని చెప్పి రాసిచ్చారు.

కోర్టు తెరిచిన రోజున మావయ్య నల్లకోటు తొడుక్కుని ఒక్కరే కారులో బయలుదేరారు. స్ప్రింగులు ఆయన ఒక్కరి బరువుకే బిగించినవి గనుక రెండవ మనిషి ఎక్కరాదని నేనే నిబంధన పెట్టాను. నేను సైకిలు మీద, మెడ వంచి ఆయన ముందు చక్రాన్నే చూస్తూ, వెనకాలే పోయాను. కోర్టు గుమ్మం ముందు కారు ఆగింది. వరండాలో ప్లీడర్లూ, చెట్ల కింద కక్షిదారులూ మాటలు ఆపారు. నేను సైకిలు గోడకు చేర్చి, గొంతుకు కూర్చుని, టైర్లు రెండు అంచులా సమంగా అరుగుతున్నాయో లేదో వేలితో తడిమి చూశాను. సమంగానే ఉన్నాయి. లేచి చూసేసరికి కారులో మావయ్య లేరు, లోపలికి వెళ్లిపోయారు.

నేను ఇంటికి తిరిగి వచ్చేసరికి అత్తయ్య వీధి గుమ్మంలోనే నిలబడి ఉన్నది.

“వెళ్లారా?”

“వెళ్లారు అత్తయ్యా. గీత గీసినట్లు పోయింది.”

“బండి సంగతి కాదురా. ఎలా దిగారు? ఎవరైనా చెయ్యి ఇచ్చారా?”

“ముందు టైర్లు రెండూ సమంగా...”

“ఒరేయ్, మనిషి ఎలా దిగాడురా?”

నాకు తెలియదు. “నేను చక్రం చూస్తున్నాను” అన్నాను. ఆవిడ నన్ను ఒకసారి చూసి లోపలికి వెళ్లిపోయింది.

మరునాడు ఉదయం అత్తయ్య మంగళగిరి చీర కట్టుకుని, చేతిసంచితో వచ్చి, అంతవరకూ ముట్టని ఆ కారులో ఎడమ సీటులో కూర్చున్నది. “నువ్వెక్కడికి?” అన్నారు మావయ్య. “కూరల బజారుకు” అన్నది. బజారు కోర్టుకు ఎదురు దిక్కున ఉన్నది. ప్రశ్నలు వేయడమే వృత్తిగా గల మావయ్య ఆ రోజు రెండో ప్రశ్న వేయలేదు. ఆవిడ ఖాళీ సంచితో రిక్షాలో తిరిగి వచ్చి, ఆయన అద్దపు చట్రం పట్టుకుని ఒక్క ఊపున లేచారనీ, ఎవరో పరుగెత్తి రాబోతే కర్ర అడ్డం పెట్టి ఆపారనీ, కోటు సర్దుకుని వెనక్కి తిరగకుండా మెట్లెక్కారనీ నాకు చెప్పింది. ఆ తరువాత చాలా ఏళ్లు అందరికీ చెప్పింది.

ఆవిడ ఆ వారమంతా కూరల బజారుకు వెళ్తూనే ఉన్నందున కారు ఎడమకు కుంగసాగింది. నేను ఆ స్ప్రింగును మళ్లీ బిగించవలసి వచ్చింది. అందుకు ఆవిడ బరువు కూడా కావాలి గనుక కారులో మావయ్య పక్కన కూర్చోమని, పని పూర్తయ్యేవరకు కదలవద్దని ఆదేశించాను. సంచి ఒడిలో పెట్టుకుని, ఫొటోకు కూర్చున్నట్లు నిటారుగా కూర్చుని అత్తయ్య అడిగింది:

“ఊపిరి తీసుకోవచ్చా నాయనా?”

నేను బుడగ మీది నుంచి చూపు మరల్చకుండా, క్షణం ఆలోచించి, “తీసుకోవచ్చు” అని అనుమతి ఇచ్చాను. ఆవిడా, మావయ్యా ఒకరినొకరు చూసుకుని నవ్వుకున్నారు. ఎందుకో నాకు అప్పుడు తెలియలేదు. ఇప్పుడు ఆ అనుమతి ఇచ్చిన కుర్రవాణ్ణి తలుచుకుంటే నాకూ నవ్వు వస్తుంది, వారిద్దరూ ఉండగా రాలేదే అని మాత్రం అనిపిస్తుంది.